వ్యాపారంతో దేశం మారేవారికి వలస సలహా సేవ: రెండేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

చిన్న కంపెనీని, దానితో పాటు కుటుంబాన్ని వేరే దేశానికి తరలించాలనుకునేవారికి తగిన వీసా దారిని ఎంపిక చేసి, దరఖాస్తు దాఖలయ్యే వరకు తోడుగా ఉండే ఒక వలస సలహా సంస్థ సేవను నేను 2024 జనవరిలో తీసుకున్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవలో ఏ భాగానికి డబ్బు ఇవ్వడం సమంజసం, ఏ భాగాన్ని సొంతంగా చేసుకోవడం మంచిది అన్న సంగతే చదివేవారికి ఎక్కువగా పనికొస్తుందని నా నమ్మకం. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. దారి ఎంపికలో వారిచ్చిన సలహా నేను కట్టిన ఫీజు మొత్తానికి సరిపోయేంత విలువైనది, వారు రాసిచ్చిన బిజినెస్ ప్లాన్ మాత్రం వాడుకోవడానికి వీలు లేనిది. దాఖలు సమయంలో పత్రాల పరిశీలన చాలా శ్రద్ధగా జరిగింది, కానీ ఖర్చుల అంచనాలోనూ కుటుంబ సభ్యుల విషయంలోనూ రెండు పెద్ద లోపాలు దొర్లాయి.

మందులు, టీకాలు రవాణా అయ్యే పెట్టెల్లో ఉష్ణోగ్రతను నిమిషనిమిషానికీ నమోదు చేసే పరికరాన్ని, ఆ లెక్కలను చూపించే సాఫ్ట్‌వేర్‌ను మేము తయారు చేస్తాం. టీకాలలో చాలా వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కాబట్టి, దారిలో ఎక్కడ ఎంతసేపు ఆ హద్దు దాటిందో తెలియడం కొనుగోలుదారులకు ప్రాణావసరం. ఇద్దరు భాగస్వాములం, తొమ్మిది మంది ఉద్యోగులు. బ్రిటన్‌లో రెండు పంపిణీ సంస్థలు మా పరికరాన్ని ప్రయోగాత్మకంగా వాడి చూస్తున్న సమయంలో, ఇద్దరిలో ఒకరు అక్కడికి వెళ్లి స్థిరపడితే తప్ప ఆ మార్కెట్ నిలబడదని మాకు అర్థమైంది. వెళ్లేది నేను, నా భార్య, ఎనిమిదేళ్ల మా పాప అని నిర్ణయించుకున్నాం.

సలహా సంస్థ దగ్గరకు వెళ్లేసరికి నా మనసులో ఒక దారి స్థిరపడిపోయి ఉంది. బ్రిటన్‌లో 2022 ఏప్రిల్ 11 నుంచి అమల్లో ఉన్న యూకే ఎక్స్‌పాన్షన్ వర్కర్ వీసా, విదేశీ కంపెనీ అక్కడ తొలి శాఖ తెరవడానికి తన మనిషిని పంపే దారి. అంతకు ముందు ఉన్న సోల్ రిప్రజెంటేటివ్ వీసా స్థానంలో వచ్చింది. మా కంపెనీకి మూడేళ్లకు పైగా వ్యాపార చరిత్ర ఉంది, బ్రిటన్‌లో ఇంకా ఏ శాఖా లేదు, నేను ఆ కంపెనీలోనే పని చేస్తున్నాను. ఆంగ్ల పరీక్ష కూడా అక్కర్లేదు. అన్నీ అమరినట్టే ఉన్నాయి కాబట్టి, కాగితాలు నింపి పెట్టే మనిషి దొరికితే చాలనుకున్నాను.

మొదటి సమావేశం గంటన్నర సాగింది. సలహాదారు నా కంపెనీ పత్రాలు ముందే చదివి వచ్చారు. ఆవిడ ఫారం తీయలేదు, అర్హతల జాబితా చదవలేదు. "మూడో ఏడాది ఆఖరుకి మీరు, మీ కుటుంబం ఏ స్థితిలో ఉండాలనుకుంటున్నారో ముందు చెప్పండి. లోపలికి ఎలా వెళ్లాలో తర్వాత చూద్దాం," అన్నారు. అక్కడే ఉండిపోవాలన్నది మా ఉద్దేశమని చెప్పాను. అప్పుడు తెల్ల కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, రెండేళ్ల దగ్గర నిలువుగా మరో గీత పెట్టి, ఎక్స్‌పాన్షన్ వర్కర్ దారి అక్కడితో ఆగిపోతుందని చూపించారు. ఆ వీసా మీద గరిష్ఠంగా రెండేళ్లే ఉండగలం. ఆ రెండేళ్లూ శాశ్వత నివాసానికి లెక్కలోకి రావు. ఆ తర్వాత కూడా ఉండాలంటే, అప్పటికి మా బ్రిటన్ కంపెనీ విదేశీయులను ఉద్యోగంలోకి తీసుకోవడానికి కావలసిన పూర్తి స్థాయి స్పాన్సర్ లైసెన్స్ తెచ్చుకుని నన్ను స్కిల్డ్ వర్కర్‌గా తీసుకోవాలి, శాశ్వత నివాసపు గడియారం ఆ రోజు నుంచి మొదలవుతుంది. ప్రవేశం తేలికగా ఉందన్న ఒక్క కారణంతో నేను ఎంచుకోబోయిన దారిలో, శాఖ బాగా నడిచినా సరే, రెండేళ్లకు నేను మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడి ఉండేవాడిని.

ఈ సేవకు నేనిచ్చిన డబ్బు ఆ ఒక్క కాగితంతోనే తిరిగొచ్చింది. ఎక్స్‌పాన్షన్ వర్కర్ వీసా చెడ్డదని నేను అనడం లేదు. పెద్ద కంపెనీ ఒక మేనేజర్‌ని పంపి, శాఖ నిలబడ్డాక అతణ్ని వెనక్కి పిలిపించుకోవాలనుకుంటే దానికి మించిన దారి లేదు. యజమానే వలస వెళ్లి స్థిరపడాలనుకున్నప్పుడు మాత్రం అది సరిపోదు. వ్యాపారాన్ని తరలించడం, వ్యాపారిని తరలించడం రెండు వేరు వేరు పనులని, వీసా దారులన్నీ ఈ రెంటిలో ఏదో ఒకదాని కోసమే రూపొందించారని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

తర్వాతి సమావేశంలో ఇతర దేశాల దారులను ఒక్కొక్కటిగా పరిశీలించారు. ఇక్కడ నాకు నచ్చింది వారి నిష్పాక్షికత. చాలా చోట్ల సంస్థ ఏ దేశపు దరఖాస్తులు ఎక్కువగా చేస్తుందో ఆ దేశమే మంచిదని చెప్పే ధోరణి ఉంటుంది. ఈవిడ మాత్రం తమకు ఫీజు రాని దారులను కూడా విడమరిచి చెప్పారు.

అమెరికా సంగతి త్వరగానే తేలిపోయింది. తక్కువ పెట్టుబడితో వ్యాపారం పెట్టి నడుపుకోవడానికి అక్కడున్న ఇ-2 వీసా, ఆ దేశంతో తగిన ఒప్పందం ఉన్న దేశాల పౌరులకు మాత్రమే. ఒప్పందం లేని దేశాల వారు ముందు మరో దేశపు పౌరసత్వాన్ని పెట్టుబడితో సంపాదించి, ఆ పాస్‌పోర్ట్‌తో ఇ-2 అడిగే అడ్డదారి ఒకటి కొంతకాలం నడిచింది. 2022 డిసెంబర్‌లో వచ్చిన చట్టం ప్రకారం, అలా పౌరసత్వం పొందినవారు ఆ దేశంలో కనీసం మూడేళ్లు నిరంతరంగా స్థిర నివాసం ఉండి ఉండాలి. ఈ షరతు తెలియకుండా, లేదా తెలిసీ చెప్పకుండా, ఇప్పటికీ ఆ పథకాన్ని అమ్మేవారు ఎదురుపడితే జాగ్రత్తపడాలని ఆవిడ గట్టిగా చెప్పారు. ఇబి-5 పెట్టుబడి వీసాకు 2022 మార్చి చట్టం తర్వాత కనీసం 8 లక్షల డాలర్లు, అదీ నిర్ణీత ప్రాంతాల్లో పెడితేనే. మిగతా చోట్ల 10 లక్షల 50 వేల డాలర్లు. ఎక్కడ పెట్టినా పది పూర్తికాల ఉద్యోగాలు సృష్టించాలి. అది మా స్థాయికి మించినది. కంపెనీ తన మేనేజర్‌ను అమెరికా కార్యాలయానికి పంపే ఎల్-1ఎ వీసా మాత్రం ఆలోచించదగినదిగానే కనిపించింది. గత మూడేళ్లలో కనీసం ఒక ఏడాది నిరంతరంగా మాతృ కంపెనీలో మేనేజర్ స్థాయిలో పని చేసి ఉంటే, అక్కడ కొత్త కార్యాలయం తెరవడానికి మొదట ఒక ఏడాదికి ఇస్తారు. ఆ ఏడాది తిరిగేసరికి, మేనేజర్ నిజంగా మేనేజర్‌గానే పని చేసేటన్ని వనరులు, సిబ్బంది ఆ కార్యాలయంలో ఏర్పడ్డాయని చూపాలి. మా వంటి చిన్న కంపెనీలో యజమానే పరికరాలు బిగించి, ఇన్‌వాయిస్‌లు రాసే పరిస్థితి ఉంటుంది కాబట్టి, పొడిగింపు దగ్గర చిక్కుకుపోతామని అంచనా వేశారు. అది న్యాయమైన అంచనాయే.

కెనడా స్టార్టప్ వీసా నేరుగా శాశ్వత నివాసమే ఇస్తుందని విని నాకు ఆశ ఉండేది. 2013లో ప్రయోగంగా మొదలై 2018లో స్థిరపడి, 2025 చివరితో కొత్తవారికి మూసుకుపోయిన ఆ పథకంలో, గుర్తింపు పొందిన సంస్థ ఒకటి మద్దతు లేఖ ఇవ్వాల్సి ఉండేది. వెంచర్ క్యాపిటల్ సంస్థ అయితే 2 లక్షల కెనడా డాలర్లు, సొంత డబ్బు పెట్టే ఏంజెల్ పెట్టుబడిదారుల బృందం అయితే 75 వేలు పెట్టాల్సి ఉండేది. కొత్త కంపెనీలకు ఆసరా ఇచ్చి ఎదగనిచ్చే ఇంక్యుబేటర్ అయితే పెట్టుబడి అవసరం ఉండేది కాదు, చేర్చుకుంటే సరిపోయేది. చిక్కంతా ఆ చివరి వెసులుబాటులోనే వచ్చిందని సలహాదారు వివరించారు. దరఖాస్తులు కుప్పలుగా పేరుకుపోయి, తుది నిర్ణయానికి ఏళ్లు పడుతోందని, ఈలోగా కంపెనీ రూపురేఖలే మారిపోతున్నాయని అన్నారు. మేము మాట్లాడుకున్న కొన్ని నెలలకే, 2024 ఏప్రిల్ 30 నుంచి, ఒక్కో సంస్థ ఏడాదికి పది స్టార్టప్‌లకు మించి మద్దతు ఇవ్వకూడదని అక్కడి ప్రభుత్వం పరిమితి పెట్టింది. ఈ రంగంలో దారులు తెరుచుకునే వేగం కన్నా మూసుకుపోయే వేగమే ఎక్కువ. ఆస్ట్రేలియా వ్యాపార వలస పథకం 2024 జులైలో ఆగిపోయింది. జపాన్ బిజినెస్ మేనేజర్ వీసాకు కావలసిన మూలధనం 2025 అక్టోబర్‌లో 50 లక్షల యెన్ల నుంచి ఒక్కసారిగా 3 కోట్ల యెన్లకు పెరిగింది. అందుకే ఎవరు ఏ సలహా ఇచ్చినా, డబ్బు కట్టే రోజున ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ దారి ఇంకా తెరిచే ఉందో లేదో సొంతంగా చూసుకోవడం తప్పనిసరి.

కొత్త వ్యాపారం పెట్టే విదేశీయులకు సింగపూర్ ఇచ్చే ఎంట్రీపాస్ గురించి ఆవిడ చెప్పినది నాకు ఆసక్తిగా అనిపించింది. 2017లో 50 వేల సింగపూర్ డాలర్ల మూలధన నిబంధన తీసేసినప్పటికీ, గుర్తింపు పొందిన పెట్టుబడిదారు, ఇంక్యుబేటర్, మేధో సంపత్తి వంటి ఆధారాల్లో ఏదో ఒకటి చూపాలి. ఫుడ్ కోర్టులు, బార్లు, మసాజ్ కేంద్రాలు, ఉద్యోగ నియామక ఏజెన్సీల వంటి వ్యాపారాలకు ఇవ్వరని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. మొదటి పాస్ ఏడాదికే. ఆ తర్వాత స్థానిక ఖర్చు, స్థానిక ఉద్యోగాలు పెరిగితేనే కొనసాగింపు. జర్మనీలో స్వయం ఉపాధి అనుమతికి నిర్ణీత కనీస పెట్టుబడి లేదు, వ్యాపారం విజయవంతమైతే మూడేళ్లకే శాశ్వత నివాసం అడగవచ్చు. మా కస్టమర్లు బ్రిటన్‌లో ఉండగా అక్కడికి వెళ్లడం అర్థం లేని పని కాబట్టి దాన్ని వదిలేశాం. ఎస్టోనియా ఇ-రెసిడెన్సీ గురించి నేనే అడిగాను. అది కంపెనీ పెట్టుకునేందుకు ఇచ్చే డిజిటల్ గుర్తింపు మాత్రమేనని, ఆ కార్డుతో ఆ దేశంలో ఒక్క రోజు ఉండే హక్కు కూడా రాదని ఒకే మాటలో తేల్చేశారు.

చివరికి బ్రిటన్‌లోనే ఇన్నోవేటర్ ఫౌండర్ వీసా దగ్గర ఆగాం. 2023 ఏప్రిల్ 13న మొదలైన ఈ దారి, పాత ఇన్నోవేటర్ వీసాలో ఉన్న 50 వేల పౌండ్ల కనీస పెట్టుబడి షరతును తీసేసింది. దానికి బదులుగా ఎండార్సింగ్ బాడీ అని పిలిచే గుర్తింపు సంస్థ ఒకటి వ్యాపార ఆలోచన కొత్తదని, ఆచరణ సాధ్యమని, పెద్దదిగా ఎదగగలదని పరీక్షించి ఆమోద పత్రం ఇవ్వాలి. ఆంగ్లం బి2 స్థాయిలో, అంటే మధ్యస్థం కన్నా ఒక మెట్టు పైన, రావాలి. వీసా మూడేళ్లకు వస్తుంది. మూడేళ్ల తర్వాత నిర్ణీత ఏడు ప్రమాణాల్లో కనీసం రెంటిని అందుకుంటే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు. వ్యాపారంలో 50 వేల పౌండ్లు పెట్టి ఖర్చు చేయడం, మూడేళ్లలో కస్టమర్ల సంఖ్య రెట్టింపు కావడం, పరిశోధన చేసి బ్రిటన్‌లో మేధో సంపత్తి రక్షణకు దరఖాస్తు చేయడం, ఏడాదికి 10 లక్షల పౌండ్ల స్థూల రాబడి, పది పూర్తికాల ఉద్యోగాల సృష్టి వంటివి వాటిలో ఉన్నాయి.

అయితే ఇందులో ఒక ముడి ఉంది. ఈ దారిలో కొత్త వ్యాపారమే పెట్టాలి, నడుస్తున్న కంపెనీ శాఖను తీసుకెళ్తానంటే కుదరదు. సలహాదారు దీనికి చూపిన పరిష్కారం నన్ను ఆశ్చర్యపరిచింది. ఉష్ణోగ్రత నమోదు చేసే పాత పరికరం మాతృ కంపెనీ దగ్గరే ఉంటుంది. అలా పోగైన లెక్కల నుంచి ఏ పెట్టెలోని సరుకు ఎప్పుడు పాడవబోతోందో ముందుగా చెప్పే కొత్త సాఫ్ట్‌వేర్ మా ఆలోచనల్లో అప్పటికే ఉంది. దాన్ని బ్రిటన్ కంపెనీ మొదటి నుంచి నిర్మించాలి, దాని హక్కులు ఆ కంపెనీకే ఉండాలి. అది కాగితం మీద చేసిన సర్దుబాటు కాకూడదని, నిజంగానే అలా నడపడానికి సిద్ధమైతేనే ఈ దారి పట్టాలని ఆవిడ హెచ్చరించారు. మా భాగస్వామి, నేను రెండు వారాలు ఆలోచించుకుని, నిజంగానే అలా విభజించాలని నిర్ణయించుకున్నాం. అది వీసా కోసం మొదలైన ఆలోచనే అయినా మా వ్యాపారానికి జరిగిన మేలు.

సలహా సేవ తీసుకునేవారు అన్నిటికన్నా ముందు చూడవలసింది లైసెన్స్. బ్రిటన్‌లో 1999 వలస చట్టం ప్రకారం, న్యాయవాదులు వంటి ఇతర నియంత్రణ కింద ఉన్నవారు తప్ప, నమోదు లేకుండా వలస సలహా ఇవ్వడం నేరం. ఆ నియంత్రణ సంస్థ పేరు 2025 జనవరిలో ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీగా మారింది. కెనడాలో సలహాదారులకు ప్రత్యేక కాలేజ్ ఒకటి ఉంది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లోనూ నమోదు తప్పనిసరి. వీటన్నిటికీ బహిరంగ రిజిస్టర్లు ఉన్నాయి, పేరు కొడితే నిమిషంలో తెలిసిపోతుంది. మా సలహాదారు తన నమోదు సంఖ్యను ఒప్పందం మొదటి పేజీలోనే రాసి, సరిచూసుకోమని తానే చెప్పారు. ఫీజును మూడు వాయిదాలుగా పెట్టారు: దారి ఎంపికకు ఒకటి, ఆమోద పత్రానికి కావలసిన పత్రాల తయారీకి ఒకటి, వీసా దరఖాస్తుకు ఒకటి. ఏ దశలోనైనా ఆగిపోవచ్చు. వీసా వస్తుందన్న హామీ ఎక్కడా ఇవ్వలేదు. ఆ హామీ ఇవ్వకపోవడాన్నే నేను వారి నిజాయితీకి గుర్తుగా తీసుకున్నాను.

రెండో వాయిదా కట్టిన తర్వాతే నాకు అసంతృప్తి మొదలైంది. బిజినెస్ ప్లాన్‌ను సంస్థలోని మరో విభాగం తయారు చేసింది. వారు పంపిన ప్రశ్నావళిని నేను మూడు రాత్రులు కూర్చుని నింపాను. నాలుగు వారాలకు నలభై పేజీల ప్లాన్ వచ్చింది. రంగురంగుల పట్టికలు, ప్రపంచ మార్కెట్ అంచనాలు, అందమైన అట్ట. పద్నాలుగో పేజీలో, మా కస్టమర్ల గురించి చెప్పవలసిన చోట, "మా సభ్యులు తమ వ్యాయామ లక్ష్యాలను ప్రతిరోజూ యాప్‌లో నమోదు చేసుకుంటారు" అన్న వాక్యం ఉంది. అది ఎవరిదో ఫిట్‌నెస్ యాప్ ప్లాన్‌లోనిది. మా వివరాలను ఆ పాత అచ్చులో పోసి, ఆ ఒక్క వాక్యాన్ని తీయడం మరిచిపోయారు. నేను ఆ పేజీని అలాగే తెరిచి పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. వాక్యం తప్పుగా ఉండటం కన్నా, నేను మూడు రాత్రులు రాసిన జవాబులను ఎవరూ మనసు పెట్టి చదవలేదన్న సంగతి నన్ను ఎక్కువగా బాధించింది. వెనక్కి వెళ్లి మిగతా పేజీలు చూస్తే, ఆదాయ అంచనాలో మూడేళ్లూ ఒకే శాతం పెరుగుదల ఉంది. మందుల పంపిణీ సంస్థలు కొత్త పరికరాన్ని ఆమోదించడానికి ఎన్ని నెలల పరీక్షలు చేస్తాయో నేను ప్రశ్నావళిలో రాసిన సమాచారం ఎక్కడా ప్రతిఫలించలేదు.

ఫిర్యాదు చేశాను. సలహాదారు స్వయంగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పి, ఆ వాయిదాలో కొంత భాగం వెనక్కి ఇప్పించారు. ప్లాన్‌ను తిరిగి రాయిస్తామన్నారు. నేను వద్దన్నాను. మా భాగస్వామి, నేను కలిసి ఐదు వారాల్లో ఇరవై రెండు పేజీల్లో సొంతంగా రాసుకున్నాం. నమూనా దశలో ఎన్ని పరికరాలు చెడిపోయాయో, బ్యాటరీ చలిలో ఎందుకు త్వరగా దిగిపోతుందో, మొదటి పద్నాలుగు నెలలు ఆదాయం దాదాపు శూన్యమని ఎందుకు అనుకుంటున్నామో దాచుకోకుండా రాశాం. సలహాదారు దాన్ని చదివి, చట్టపరంగా ఏ ప్రమాణానికి ఏ పేరా ఆధారమో పక్కన గుర్తులు పెట్టి ఇచ్చారు. ఆ గుర్తులు చాలా పనికొచ్చాయి. ఈ సేవ అసలు ఇలాగే ఉండాలి: వ్యాపారి ప్లాన్ రాయాలి, సలహాదారు దాన్ని నిబంధనలతో సరిపోల్చాలి.

దీని విలువ ఆమోద సంస్థతో జరిగిన వీడియో ఇంటర్వ్యూలో తెలిసింది. ఆమోద పత్రం కోసం వెయ్యి పౌండ్లు కట్టిన తర్వాత, ఇద్దరు నిపుణులు నన్ను దాదాపు గంటసేపు ప్రశ్నించారు. మార్కెట్ పరిమాణం గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. "మీ పరికరం చేసే పనినే ట్రక్కుల తయారీ కంపెనీ ఉచితంగా ఇచ్చిందనుకోండి, అప్పుడు మీ దగ్గర మిగిలేదేమిటి?" అని అడిగారు. ట్రక్కులోని సెన్సర్ ట్రక్కు గాలిని కొలుస్తుంది, మాది పెట్టె లోపలి సరుకును కొలుస్తుంది, తలుపు తెరిచి దించుతున్న ఇరవై నిమిషాల్లోనే ఎక్కువ నష్టం జరుగుతుంది, ఆ ఇరవై నిమిషాల లెక్కలు మా దగ్గరే ఉన్నాయి అని చెప్పి, మా నమూనాల్లోని ఒక గ్రాఫును తెర మీద చూపించాను. ప్లాన్ నేనే రాసుకోకపోతే ఆ గ్రాఫు ఏ పేజీలో ఉందో కూడా నాకు గుర్తుండేది కాదు. మూడు వారాలకు ఆమోద పత్రం వచ్చింది.

వీసా దరఖాస్తు దశలో సంస్థ పనితనం మళ్లీ మెచ్చుకోదగ్గదిగా కనిపించింది. జీవన ఖర్చులకు దరఖాస్తుదారుకు 1,270 పౌండ్లు, జీవిత భాగస్వామికి 285, మొదటి బిడ్డకు 315, మొత్తం 1,870 పౌండ్లు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్క రోజు కూడా ఆ మొత్తం కన్నా తగ్గకూడదు. నా ఖాతాలో అంతకన్నా ఎంతో ఎక్కువే ఉంటుంది కాబట్టి నేను ఆ పత్రాన్ని పట్టించుకోలేదు. సంస్థలోని ఒక యువ సహాయకుడు బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని ప్రతి రోజు ముగింపు నిల్వనూ వేలితో లెక్కపెడుతూ వచ్చి, పంతొమ్మిదో రోజు దగ్గర ఆగిపోయారు. ఆ రోజు ఉద్యోగుల జీతాల కోసం నా ఖాతా నుంచి కంపెనీ ఖాతాకు పెద్ద మొత్తం మళ్లించాను, మర్నాడు తిరిగి వేశాను. ఆ ఒక్క రాత్రి నిల్వ హద్దు కన్నా కిందికి వెళ్లింది. దాని కోసం దరఖాస్తును ఇరవై రోజులు వాయిదా వేయించారు. ఆయన అలా చూడకపోయి ఉంటే, ఏడు నెలల శ్రమ ఒక్క రాత్రి నిల్వ మీద కూలిపోయే అవకాశం ఉండేది. డబ్బు ఇచ్చి తీసుకునే సేవలో ఇలాంటి చూపు కోసమే మనం వెతకాలి.

ఇక రెండు లోపాల సంగతి. మొదటిది ఖర్చుల అంచనా. జనవరిలో వారిచ్చిన పట్టికలో అక్కడి ప్రభుత్వ వైద్య సేవ కోసం వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌ఛార్జ్‌ను పెద్దలకు ఏడాదికి 624 పౌండ్లు, పిల్లలకు 470 చొప్పున లెక్కవేశారు. ముగ్గురికి మూడేళ్లకు 5,154 పౌండ్లు. 2024 ఫిబ్రవరి 6 నుంచి ఆ రేట్లు 1,035, 776 పౌండ్లకు పెరిగాయి, మొత్తం 8,538 అయింది. పెంపు జరగబోతోందని ప్రభుత్వం 2023లోనే ప్రకటించింది. ఫిబ్రవరి లోపల దాఖలు చేసే అవకాశమే లేని మాకు పాత రేటుతో అంచనా ఇవ్వడం వృత్తిపరమైన అజాగ్రత్త. తేడా 3,384 పౌండ్లు. కొత్తగా పెట్టే కంపెనీకి అది కొన్ని నెలల అద్దె. వీసా ఫీజు, ఆరోగ్య సర్‌ఛార్జ్, ఆమోద ఫీజు, ఆ తర్వాత ఆమోద సంస్థతో జరిగే కనీసం రెండు సమీక్షా సమావేశాలకు ఒక్కోదానికి 500 పౌండ్లు, వీటన్నిటినీ దరఖాస్తు వేసే నెల నాటికి ఉండే రేట్లతో ఒకే కాగితం మీద రాసివ్వమని ఎవరైనా మొదటి సమావేశంలోనే అడగాలి.

రెండోది అంతకన్నా లోతైనది. మూడో ఏడాది గురించి అంత చక్కగా మొదలుపెట్టిన సలహాదారు, ఆ మూడేళ్ల లెక్క నాకు మాత్రమే వర్తిస్తుందని చెప్పలేదు. నేను దరఖాస్తు చేసిన నాటి నిబంధనల ప్రకారం, ప్రధాన దరఖాస్తుదారుకు మూడేళ్లకే శాశ్వత నివాసానికి అర్హత వచ్చినా, జీవిత భాగస్వామికి ఐదేళ్లు నిండాలి. బిడ్డకు మామూలుగా తల్లిదండ్రులిద్దరూ స్థిరపడ్డాకే వస్తుంది. అంటే మధ్యలో నా భార్యకు, పాపకు మరోసారి వీసా పొడిగింపు, మరోసారి ఫీజులు, మరోసారి ఆరోగ్య సర్‌ఛార్జ్. ఈ విషయం నేను ఇక్కడికి వచ్చిన ఐదు నెలలకు, నిబంధనలు చదువుకుంటుంటే నా భార్యే కనిపెట్టింది. తన ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషికి, తన గడియారం నా గడియారం కన్నా రెండేళ్లు వెనక నడుస్తోందని అలా తెలియడం నాకు ఇప్పటికీ మనసును పట్టి ఉంచే విషయం. తెలిసినా మేము ఇదే దారిలో వచ్చి ఉండేవాళ్లం అన్నది నిజమే. కానీ ఆ నిర్ణయం ఇద్దరం తెలిసి తీసుకున్నదై ఉండేది. కుటుంబంతో వెళ్లేవారు మొదటి సమావేశానికి ఒంటరిగా వెళ్లకూడదు, జీవిత భాగస్వామిని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి తేదీనీ ఇద్దరి పేరు మీదా విడివిడిగా అడగాలి.

వీసా వచ్చాక ఈ సేవ ముగిసిపోతుంది. ఒప్పందంలో అలాగే ఉంది కాబట్టి దాన్ని తప్పు పట్టను. కానీ కొత్త కంపెనీకి బ్యాంకు ఖాతా తెరవడానికే నాకు తొమ్మిది వారాలు పట్టింది. ఇల్లు అద్దెకు దొరకాలంటే స్థానిక ఆదాయ చరిత్ర అడుగుతారు, ఆదాయం రావాలంటే ఖాతా కావాలి. వీసా చేతికొచ్చిన రోజుతో పని అయిపోదని, ఆ తర్వాతి ఆరు నెలల ఖర్చుకు వేరేగా డబ్బు పెట్టుకోవాలని ఎవరూ నాతో అనలేదు.

ఈ సేవ ఎవరికి తగినదని అడిగితే, నడుస్తున్న వ్యాపారం ఉండి, ఏ దేశం, ఏ దారి అన్న సందేహంలో ఉన్నవారు మొదటి వాయిదా వరకు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. మూడో వాయిదా, అంటే పత్రాల పరిశీలన, కూడా కొనదగినదే. రెండో వాయిదాను మాత్రం ప్లాన్ రాయించుకోవడానికి వాడవద్దు, సొంతంగా రాసుకున్న ప్లాన్‌ను చదివించుకోవడానికి మాత్రమే మాట్లాడుకోవాలి. చేతిలో డబ్బు ఉండి వ్యాపారం నడిపే ఉద్దేశం లేనివారికి ఇన్నోవేటర్ ఫౌండర్ దారి సరిపోదని ఆ సంస్థే చెబుతుంది. 20 లక్షల పౌండ్ల పెట్టుబడితో బ్రిటన్ ఇచ్చిన ఇన్వెస్టర్ వీసా 2022 ఫిబ్రవరి 17నే మూతపడింది.

పన్నెండో నెల సమీక్షా సమావేశం సాఫీగా జరిగింది. మొదటి పద్నాలుగు నెలలు ఆదాయం ఉండదని ముందే రాసి ఉండటంతో, సున్నా పక్కన ఎవరూ ప్రశ్నార్థకం పెట్టలేదు. ఇరవై నాలుగో నెల సమావేశం ఇప్పుడు దగ్గర పడుతోంది. దాని కోసం, ఏడు ప్రమాణాల్లో మేము ఎంచుకున్న రెండింటికి, అంటే పేటెంట్ దరఖాస్తుకు, 50 వేల పౌండ్ల పెట్టుబడికి, రసీదులను నెలవారీగా ఒక ఫైల్‌లో పేర్చుతున్నాను. ఆ ఫైల్ వెనక అట్టలో, రెండేళ్ల దగ్గర నిలువు గీత ఉన్న ఆవిడ కాగితం ఉంది. దాని కింద నా భార్య తన చేత్తో రెండో గీత ఒకటి గీసి, ఐదో ఏడాది దగ్గర తన పేరు, పాప పేరు రాసింది.